సూదంటురాయి కీళ్ల బొమ్మలు

పిల్లలున్న యింట విరిగిన బొమ్మ లేకుండుట యరుదు. ఆ విరిగిన బొమ్మను చేతికి దీసికొని చూచినచో, అది చెడిన చోటు తరచుగ నొక్కటియే యగును. భుజముకడనో, మెడకడనో, తుంటికడనో కీలు తెగియుండును. మొండెము గట్టిగనే యుండును, ముఖము చెక్కుచెదరదు, చేయి మాత్ర మూడిపోవును. బొమ్మలు చేయువారి కన్నిటికంటె కష్టమైనది కీలే. అది బిగువుగా నున్నచో బొమ్మ కదలదు. వదులుగా నున్నచో నిలువదు. సన్నముగా నున్నచో పసివాని చేతిలో పుటుక్కున విరుగును. విరిగిన పిమ్మట దానిని దారముతో కట్టియు, జిగురుతో నంటించియు, బిడ్డ యేడుపు మాన్పలేక విసిగిన తల్లులకు ఈ సంగతి మేము చెప్పనక్కరలేదు.

ఈ చిక్కును జపాను దేశపు బొమ్మల తయారీదారులు 1975వ సంవత్సరమున నొక విచిత్రమగు నుపాయముతో విడదీసిరి. పిల్లవాని చేతిలో తరచుగ విరుగు సన్నని కీలును తీసివైచి, దాని స్థానమున సూదంటురాయిని పెట్టిరి. ఊడుటయు, మరల నంటుకొనుటయు చేతికి స్వభావమే యైనచో ఇక విరుగునది యేమి? అట్టి బొమ్మల చరిత్రమును, వాని వెనుకనున్న శాస్త్రమును, ఆ జాతి యాటవస్తువుల వలన మన బిడ్డలకు కలుగగల యొక ఘోరమైన ముప్పును సోదరీమణులకు విశదపరచుట యీ వ్యాసము నుద్దేశము.

అతుకుకొను అవయవముల భావము మనకు క్రొత్తది కాదు. భారతములోని జరాసంధుని కథ మన యిండ్లలో నెరుగని వారుండరు. మగధరాజగు బృహద్రథుని భార్యలిరువురు నొక్క మామిడిపండును చెరిసగము తినగా, ఒక్కొక్కరికి సగము శిశువు చొప్పున పుట్టెను. దాదులు బయట పారవైచిన యా రెండు వ్రక్కలను జర యను రాక్షసి దగ్గర చేర్చగా నవి యతుకుకొని శిశువు కేరుమనెను. పెరిగి పెద్దవాడైన యా జరాసంధుని భీముడు రెండుగా చీల్చినను ముక్కలు మరల కూడుకొనెననియు, తుదకు శ్రీకృష్ణుడు గడ్డిపరకను చీల్చి ముక్కలను తారుమారుగా పారవైచి సైగచేయగా, భీముడును అట్లే చేసి వానిని చంపెననియు కథకులు చెప్పుదురు. తారుమారైనచో నతుకవను నీ మాటను పాఠకురాండ్రు జ్ఞప్తియందుంచుకొందురు గాక. దీనితో ముందు మనకు పనియున్నది.

జపానులో టకారా యను బొమ్మల సంస్థ యుండెను. 2006వ సంవత్సరమున అది టోమీ యను మరియొక సంస్థతో కలిసిపోయినది. 1967లో 'లిక్కా' యను బాలిక బొమ్మను వెలువరించి ఆ దేశపు ఆడపిల్లల మనసుల నాకర్షించిన సంస్థ యిదియే. మగపిల్లల కొరకు 1972లో 'హెన్‌షిన్ సైబోర్గ్' అను మరమనిషి బొమ్మను తెచ్చిరి. దాని దేహము గాజువలె పారదర్శకమై, లోపలి యంత్రభాగములు బయటికి కనబడుచుండెను. 1974లో 'మైక్రోమాన్' అను పేరుతో మిక్కిలి చిన్నవి, ఇంచుమించు పది సెంటిమీటర్ల యెత్తు గలవి వెలువడెను. పిమ్మట 1975లో సూదంటురాయి కీళ్లతో 'మాగ్నెమో' యను క్రొత్త పద్ధతి బొమ్మలు పుట్టెను. వానిలో మొదటిది 'జీగ్' అను ఉక్కు వీరుడు.

జీగ్ కథను టెలివిజనులో కదలుబొమ్మల చిత్రముగా 1975 అక్టోబరు నుండి 1976 ఆగస్టు వరకు 46 భాగములుగా ప్రదర్శించిరి. తోయే సంస్థవారు దానిని నిర్మించిరి. గో నగాయ్ అను సుప్రసిద్ధ చిత్రకథకుడు కథను కల్పించిన వారిలో నొకడు. కథానాయకుడు షిబా హిరోషి యను కారు పందెగాడు. శాస్త్రజ్ఞుడగు తండ్రి వాని దేహమున నొక ప్రాచీనమైన కంచుగంటను దాచియుంచును. ప్రాచీన రాజ్యమునకు రాణియగు హిమికా మట్టిబొమ్మల వంటి రాక్షసులతో భూమిపై దండెత్తగా, హిరోషి రూపము మార్చుకొని మహాకాయుడగు జీగ్‌నకు శిరస్సగును.

శిరస్సు మాత్రమే యగునని పాఠకురాండ్రు గమనింతురు గాక. మొండెము, చేతులు, కాళ్లు వేరొక విమానమున నుండును. ఆ విమానమును నడుపునది ఉజుకి మివా యను యువతి. ఆమె సమయమెరిగి యొక్కొక్క యంగమును ఆకాశమున విడిచిన పిమ్మటనే యవి సూదంటురాతి బలమున వచ్చి యతుకుకొని వీరుడు సంపూర్ణుడగును. పోరాటమున చేయి తెగిన మరియొక చేయి, చేతికి మారుగా బెజ్జము తొలుచు బరమా కావలసిన బరమా, ఆమె పంపవలసినదే. ఆమె యాలస్యము చేసినచో లోకరక్షకుడు వట్టి తలకాయయై నేల దొరలవలసినదే గదా! జరాసంధుని కూర్చినది జర యను స్త్రీ. జీగ్‌ను కూర్చునది మివా. ముక్కలను సకాలమున నందించి యతుకువారి పేరు యుద్ధకథలలో వెనుకబడుట యన్ని దేశములందును కలదని మాకు తోచుచున్నది.

ఆ మరుసటి సంవత్సరము, అనగా 1976లో, ఇదే జాతికి చెందిన 'గకీన్' అను కథ వచ్చినది. అందు తకేరు అను యువకుడును మై యను యువతియు నొకరు ధన శక్తిగను, ఒకరు ఋణ శక్తిగను మారి, ఇరువురు కలిసిన పిమ్మటనే మహావీరుని కదల్చుదురు. ఒక్కరి వలన పని జరుగదు. సూదంటురాతికి ధ్రువములు రెండను పాఠమును బాలబాలికలకు ఇంతకంటె సులభముగా చెప్పిన కథను మేమెరుగము.

ఇక శాస్త్రమునకు వత్తము. సూదంటురాతికి ఉత్తర దక్షిణ ధ్రువములు రెండు. ఉత్తరమునకు దక్షిణమును చూపిన లాగికొనును; ఉత్తరమునకు ఉత్తరమునే చూపిన త్రోసివేయును. కాబట్టి భుజమున నొక సూదంటురాయిని, చేతికొనయం దొక సూదంటురాయిని పెట్టినచో, సరియైన దిక్కున పెట్టిన చేయి యతుకును. తారుమారుగా పెట్టిన చేయి యెగిరిపడును. జరాసంధుని వ్రక్కలు తారుమారై యతుకకపోయిన చందమే యిది. అట్లయిన బొమ్మలో కుడిచేతి స్థానమున ఎడమచేతిని, చేతి స్థానమున కాలిని పెట్టి యాడుటకు వీలు కలుగదు.

ఈ యడ్డంకిని టకారావారు బహుసులభముగా దాటిరి. ఒకవైపు సూదంటురాయి నుంచి, రెండవవైపు వట్టి యుక్కుగుండు నుంచిరి. సాధారణమైన యుక్కునకు తనదంటూ స్థిరమైన ధ్రువము లేదు. సూదంటురాయి దగ్గరకు వచ్చినప్పుడు మాత్రము అది తాత్కాలికముగా సూదంటురాయి గుణమును పొందును; ఏ ధ్రువము తన్ను సమీపించిన దానికి వ్యతిరేకమైన ధ్రువము నా వైపున చూపును. అందువలన ఉక్కు సూదంటురాతికి ఎల్లప్పుడు అంటుకొనునేగాని యెన్నడును తొలగిపోదు. తారుమారను ప్రశ్నయే లేదు. ఏ యంగము నే స్థానమున నుంచినను అతుకును. గుండు గుండ్రముగా నుండుటచే చేయి ముందునకు, వెనుకకు, ప్రక్కలకు, గిరగిర చుట్టును తిరుగును. ఒక్క యుక్కుగోళీతో అతుకును, కీలును రెండును సిద్ధించినవి.

ఇందు మరియొక మేలు కలదు. సూదంటురాతి బలము దూరముతో మిక్కిలి త్వరగా క్షీణించును. తగిలియున్నంతసేపు గట్టిగా పట్టును. కొంచె మెడమైనచో వదలివేయును. బొమ్మ క్రిందపడినప్పుడు చేయి విరుగుటకు మారుగా ఊడి దూరముగా పడును. తెచ్చి తాకించినచో మరల టక్కున కూర్చుండును. దారము వలదు, జిగురు వలదు, ఏడుపు వలదు. లోపమును లేకపోలేదు. బరువైన యాయుధమును చేతికి తగిలించినచో చేయి క్రమముగా క్రిందికి జారును. సూదంటురాయిని మాటిమాటికి నేలపై కొట్టినను, మిక్కిలి వేడి తగిలించినను దాని బలము తగ్గును.

ఈ బొమ్మలు సముద్రము దాటినవి. న్యూయార్కులోని మెగో సంస్థవారు మైక్రోమాన్ బొమ్మలను 1976 నుండి 'మైక్రోనాట్స్' అను పేరుతో అమెరికాలో విక్రయించిరి. జీగ్ బొమ్మ అచ్చుల నాధారము చేసికొని నల్లని 'బేరన్ కార్జా' యను దుష్టుని, తెల్లని 'ఫోర్స్ కమాండర్' అను సాధుని సిద్ధపరచిరి. ఇరువురికిని గుర్రములు కలవు. వీరుని కాళ్లు తీసి, గుర్రపు తల తీసి, మొండెమును గుర్రపు మెడపై నుంచినచో నడుము పైన మనిషియు క్రింద గుర్రమునైన రూపమేర్పడును. చూచినచో మన పురాణములలోని కిన్నర కింపురుషులు జ్ఞప్తికి వత్తురు. నల్లని మొండెమునకు తెల్లని చేతులు పెట్టినను అతుకును. మంచివాడెవడు, చెడ్డవాడెవడు అను నిర్ణయము పిల్లవాని చేతిలో నున్నది.

ఈ బొమ్మలనుండి కథలును పుట్టినవి. అమెరికాలో బిల్ మాంట్లో యను రచయిత, తన కుమారునికి క్రిస్మసు కానుకగా వచ్చిన మైక్రోనాట్స్ బొమ్మలను చూచి ముచ్చటపడి, వానినే పాత్రలుగా జేసి చిత్రకథలు వ్రాసెను. మార్వెల్ సంస్థవారి ప్రచురణగా 1979 జనవరి తేదీతో వాని మొదటి సంచిక వెలువడెను. మెగో సంస్థ 1982లో దివాలా తీసినను, మైక్రోమాన్ వంశమంతటితో నంతరింపలేదు. టకారావారి మైక్రోమాన్, డయాక్లోన్ జాతులలోని బొమ్మలు కొన్ని 1984లో అమెరికాకు పోయి 'ట్రాన్స్‌ఫార్మర్స్' అను పేరున లోకప్రసిద్ధి నొందెను. జీగ్ కథ 1979లో ఇటలీ దేశపు టెలివిజనున ప్రదర్శింపబడి అచ్చటి పిల్లల మనసులలో నెంతగా నాటుకొనెననగా, 2015లో ఆ దేశీయులు తీసిన యొక చలనచిత్రమునకు జీగ్ పేరే పెట్టిరి.

ఈ యాటవస్తువులలోని సుగుణమేమనగా, ఇవి బిడ్డను చూచువానిగా నుంచక చేయువానిగా చేయును. మన కొండపల్లి బొమ్మలోను అంగములను వేరువేరుగా చెక్కి, చింతగింజల పిండియు రంపపుపొట్టును కలిపిన మక్కుతో నతుకుదురు. ఆ కూర్పు పనివాని చేతిలోనే ముగియును. తరువాత మనము చూచి యానందింపవలసినదే. సూదంటురాయి బొమ్మలో కూర్పు ముగియదు. విప్పుట, మార్చుట, మరల కూర్చుట యనునదియే యాట. అమర్చుచున్నపుడు బిడ్డ కంటికిని చేతికిని పొత్తు కుదురును. ఏది దేనికి సరిపడునో తనంతట కనుగొనును. ఇట్టివి మగపిల్లలకే తగునని బాలికలను దూరముంచుట న్యాయము కాదు. మివాయును, మైయును లేనిదే ఆ కథలే నడువవు గదా.

ఇంతవరకు చెప్పినది విని, వెంటనే సంతకుపోయి సూదంటురాయి బొమ్మను కొనితెత్తుమని తలచు సోదరీమణులను మేమిచ్చట నొక్క నిమిషము నిలుపగోరుచున్నాము. ఇక చెప్పబోవునది యన్నిటికంటె ముఖ్యము.

1980ల మొదటి భాగమున జపానులో మసాతో సగావా యను శాస్త్రజ్ఞుడును, అమెరికాలో జాన్ క్రోట్ అను శాస్త్రజ్ఞుడును నియోడిమియమను లోహముతో అతిబలమైన సూదంటురాళ్లను కనిపెట్టిరి. కాలక్రమమున నవి చౌకయై బొమ్మలలోనికి వచ్చెను. కందిగింజంత ముక్కకే పూర్వపు పెద్దబిళ్లకు లేని బలముండుటచే, వానిని చిన్నచిన్న బొమ్మల చేతులలోను పాదములలోను జిగురుతో నంటింపసాగిరి. జిగురు వదలినచో ఆ గింజ నేల రాలును. నేల రాలినది పసివాని నోటికి పోవుట కెంతసేపు?

సూదంటురాయి యొక్కటియే మ్రింగబడినచో నది తరచుగ మలముతో బయటికి పోవును. రెండు మ్రింగబడినను, ఒక సూదంటురాయియు నొక యినుపముక్కయు మ్రింగబడినను వచ్చు నపాయము వేరు. మన పొట్టలో ప్రేగు మడతలు మడతలుగా నుండును గదా. ఒక ముక్క యొక మడతలోను, రెండవది మరియొక మడతలోను ఉన్నపుడు అవి యొకదానినొకటి లాగికొని, నడుమ చిక్కిన ప్రేగుగోడలను నొక్కిపట్టును. ఆ చోటికి రక్తము పోక, గోడ చచ్చి, చిల్లుపడును; విషము పొట్టయంతయు వ్యాపించును. ఒక్కొక్కప్పుడు ప్రేగు మెలిబడును. బొమ్మలో అంగములను కూర్చిన గుణమే దేహములో ప్రాణము తీయు గుణమగుచున్నది.

ఇది వట్టి యూహ కాదు. 2005లో అమెరికాలో ఇరువది నెలల బాలుడొకడు, ఇల్లు కట్టుకొను ఆటసామగ్రినుండి రాలిన సూదంటురాళ్లను మ్రింగి మరణించెను. 2006లో ఆ సామగ్రిని వెనుకకు రప్పించిరి. 2007 ఆగస్టులో మాటెల్ సంస్థవారు సూదంటురాళ్లు ఊడివచ్చుచున్నవను కారణమున లక్షల కొలది బొమ్మలను వెనుకకు తీసికొనిరి. వానిలో బాట్‌మాన్, వన్‌పీస్ కథలలోని వీరుల సూదంటురాయి బొమ్మలే అమెరికాలో ఇంచుమించు 3,45,000 కలవు.

మన దేశమున 2020లో చేసిన యుత్తరువు ననుసరించి, 2021 జనవరి 1 నుండి, పదునాలుగేండ్ల లోపు పిల్లల బొమ్మలపై ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి యైనది. ఆ గుర్తుతోపాటు సి.ఎం./ఎల్. అను అక్షరములతో నొక సంఖ్య యుండును. బి.ఐ.ఎస్. కేర్ అను ఫోను సాధనములో ఆ సంఖ్యను వ్రాసి చూచినచో అది నిజమైనదో కాదో తెలియును. నమోదైన చేతిపనివారి బొమ్మలకును, భౌగోళిక గుర్తింపు గల బొమ్మలకును ఈ నిబంధనము లేదు. కాబట్టి గుర్తు లేదని కొండపల్లి బొమ్మను శంకింప పనిలేదు. అంగళ్లలో పేరును ఊరును లేక చౌకగా దొరకు సూదంటురాతి గోళీలను, మెరయు ముక్కలను మాత్రము పిల్లల కొరకు కొనకుండుట మేలు.

ఇంట నుండు గృహిణి గమనింపదగిన సంగతులను కొన్నిటిని చెప్పెదము. సూదంటురాయి బొమ్మ యింటికి రాగానే ఒక్కొక్క ముక్కను వ్రేలితో లాగి, గోరుతో గీరి చూడవలెను. రాయి పూర్తిగా లోపల మూయబడియున్నచో మంచిది; పైకి కనబడుచు జిగురుతో మాత్రమే నిలిచియున్నచో నమ్మరాదు. ముక్కలెన్నియో లెక్కించి డబ్బామూతపై వ్రాసియుంచి, ఆట ముగిసిన పిమ్మట లెక్క సరిచూచి సర్దింపవలెను. పెద్దపిల్లవానికి కొన్న బొమ్మ ప్రాకు శిశువునకు అందకుండ జూడవలెను. పగిలిన ముక్కను దాచియుంచక పారవేయవలెను. గుండెకు యంత్రము పెట్టించుకొన్న తాతగారో అమ్మమ్మగారో యింట నున్నచో, సూదంటురాళ్లను ఆ యంత్రమునకు ఆరంగుళములకంటె దగ్గరగా రానీయరాదు.

ఎదిగిన బాలికల తల్లులకు మరియొక మాట. ముక్కు కుట్టించుకొనకయే ముక్కుపుడక పెట్టుకొన్నట్లు కనబడుటకై, ముక్కునకు లోపలొకటి, వెలుపలొకటి చిన్న సూదంటురాయి గోళీల నంటించుకొను వేడుక కొన్ని దేశముల పిల్లలలో బయలుదేరినది. పెదవికి, నాలుకకు నంటించుకొనువారును కలరు. అవి జారి గొంతులోనికి పోవుటయు వైద్యులు చూచియున్నారు. కావున పసిబిడ్డలు మాత్రమే మ్రింగుదురని నిశ్చింతగా నుండరాదు.

బిడ్డ సూదంటురాయిని మ్రింగెనని యనుమానము కలిగినచో చేయవలసినదేమి? మన యిండ్లలో కాసు మ్రింగిన బిడ్డకు అరటిపండు తినిపించి, ఆముదము త్రాగించి, రేపటివరకు చూతమనుట కలదు. ఇచ్చట నా పద్ధతి ప్రాణాంతకము. ఏమియు తినిపింపక, ఏ మందును పోయక, వెంటనే పెద్దాసుపత్రికి తీసికొనిపోవలెను. కడుపునొప్పి, వాంతి, జ్వరము మాత్రమే పైకి కనబడుటచే సామాన్యమగు అజీర్ణమని పొరబడుట సులభము. కొందరు బిడ్డలకు మొదట ఏ బాధయు నుండకపోవచ్చును. అందుచే సూదంటురాయి సంగతిని వైద్యునితో తప్పక చెప్పవలెను. ఎక్స్‌రే పటములో రెండు ముక్కలు అంటుకొనియుండి యొక్కటిగా కనబడవచ్చును. ఉన్నచో అట్టిదే మరియొక ముక్కను వెంట గొనిపోయి చూపుట మంచిది. ప్రేగు చిల్లుపడకమున్నే పోయినచో, ముక్కలింకను జీర్ణకోశములో నున్నచో గొట్టముద్వారా వెలికితీయుటకు వీలుండును. ఆలస్యమైనచో శస్త్రచికిత్స తప్పదు.

భయపెట్టి బొమ్మలను మాన్పించుట మా యభిప్రాయము కాదు. కత్తిపీట తెగునని యెవ్వరును కూర తరుగుట మానలేదు. బిడ్డ కందకుండ గోడకు చేరవైచి పెట్టుచున్నాము. అదే జాగ్రత్త దీనికిని చాలును. ఆడుకొను వయసు వచ్చిన బిడ్డకు, మంచి బొమ్మను పరీక్షించి యిచ్చి, ప్రక్కన కూర్చుండి, ఈ చేయి యేల యతికినది, రెండు రాళ్లెందుకు త్రోసికొన్నవి యని యడిగి చూడుడు. జరాసంధుని కథను చెప్పుడు. శాస్త్రమును, పురాణమును, ఆటయు నొక్కచోట కలిసిన యట్టి సాయంకాలమును బిడ్డ మరువడు. ఆట ముగియగానే ముక్కలను లెక్కించి డబ్బాలో నుంచుట మాత్రము మీరు మరువకుడు.